అల్జీమర్స్ ఎంత ముదిరిందో రక్తపరీక్ష చెబుతుందా?

ప్రశ్న: మా అమ్మకు 69 ఏళ్లు. రెండేళ్లుగా మతిమరుపు. ఎంఆర్ఐ తీసి అల్జీమర్స్ తొలి దశ అన్నారు. డోనెపెజిల్ వాడుతున్నాం. జబ్బు ఎంత ముదిరిందో తెలుసుకోవడానికి ఆరు నెలలకోసారి రక్తపరీక్ష చేయించమని అమెరికాలో ఉన్న అన్నయ్య అంటున్నాడు. చేయించాలా? నాకు 42. నేనూ చేయించుకోవాలా?
- ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అల్జీమర్స్‌కు రక్తపరీక్ష నిజంగానే ఉందండీ. అల్జీమర్స్‌లో మెదడు కణాల బయట అమైలాయిడ్ అనే ప్రొటీన్ పేరుకుంటుంది, కణాల లోపల టావ్ అనే ప్రొటీన్ ఉండలు కడుతుంది. మార్పు చెందిన టావ్‌లో పీ-టావ్ 217 అనే రకం కొద్దిగా రక్తంలోకి చేరుతుంది. దీన్నీ అమైలాయిడ్‌నీ కలిపి చూసే పరీక్షకు 2025 మేలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. అదీ లక్షణాలు కనిపిస్తున్నవాళ్లకే.

అయితే ఈ పరీక్ష ‘ఈ మతిమరుపు అల్జీమర్స్ వల్లేనా’ అన్నది తేల్చడానికి. లక్షణాలు కనిపించడానికి 15, 20 ఏళ్ల ముందు నుంచే అమైలాయిడ్ చేరుతూ ఉంటుంది. కాబట్టి ఆరు నెలల్లో అంకె కాస్త మారినంత మాత్రాన అమ్మగారి పరిస్థితి ఇదీ అని చెప్పలేం. కిడ్నీ జబ్బు ఉన్నా పీ-టావ్ ఎక్కువగా చూపిస్తుంది. నరాల కణాలు దెబ్బతిన్నప్పుడు పెరిగే న్యూరోఫిలమెంట్ లైట్ అనే ఇంకో పరీక్ష ఉంది. జబ్బు వేగాన్ని కొంత చెప్పేది అదే. కానీ పక్షవాతం వచ్చినా, తలకు దెబ్బ తగిలినా అదీ పెరుగుతుంది. మందుల పరిశోధనల్లో వందలమంది సగటు చూడటానికి బాగా పనికొస్తుంది కానీ, ఒక్క మనిషి విషయంలో దాన్ని నమ్ముకుని నిర్ణయాలు తీసుకోమని నేను చెప్పను. మెదడులోని అమైలాయిడ్‌ను తొలగించే లెకానెమాబ్, డొనానెమాబ్ లాంటి కొత్త మందుల ఆలోచన ఉంటే మాత్రం అమైలాయిడ్ ఉందని ముందే రుజువు కావాలి. అప్పుడు మీ న్యూరాలజిస్టే పెట్ స్కాన్ గానీ వెన్నునీటి పరీక్ష గానీ రాస్తారు.

జబ్బు నడకను ఇప్పటికి బాగా చెప్పేది అమ్మగారి రోజువారీ జీవితమే. కొట్లో చిల్లర సరిచూసుకోగలుగుతున్నారా, మాత్రలు తనంతట తానే వేసుకుంటున్నారా, తెలిసిన వీధిలో దారి తప్పారా? తేదీ వేసి రాసి పెట్టుకోండి. జ్ఞాపకశక్తి పరీక్ష ఆరు నెలలకోసారి ఒకే డాక్టరు దగ్గర, తెలుగులోనే చేయించండి. రెండు మూడు రోజుల్లోనే ఒక్కసారిగా తికమక పెరిగితే మాత్రం అల్జీమర్స్ ముదిరిందని ఇంట్లో కూర్చోకండి. మూత్రంలో ఇన్ఫెక్షన్, రక్తంలో సోడియం తగ్గడం, నిద్రమాత్రలు, ఎప్పుడో జారిపడి మెదడు చుట్టూ గడ్డకట్టిన రక్తం, వీటిలో ఏదైనా కావచ్చు. వీటికి వైద్యం ఉంది, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. పాత రిపోర్టుల్లో బీ12, థైరాయిడ్ ఉన్నాయో లేదో కూడా చూడండి. లేకపోతే ఆ రెండూ ముందు చేయించండి, వాటిలో తేడా ఉన్నా మతిమరుపు రావచ్చు.

ఇక మీరు చేయించుకోవద్దు. లక్షణాలు లేనివాళ్లకు ఉద్దేశించిన పరీక్ష కాదది. పాజిటివ్ వచ్చినా, లక్షణాలు లేనప్పుడు ఇవ్వదగ్గ మందు లేదు, ఊరికే టెన్షన్. మీ కుటుంబంలో 60 ఏళ్లలోపే ఇద్దరు ముగ్గురికి ఈ జబ్బు వచ్చి ఉంటే అది వేరే సంగతి, న్యూరాలజిస్టుకు చెప్పండి. లేదంటే మీ వయసులో బీపీ, షుగర్ చూపించుకుని అదుపులో పెట్టుకోవడం దీనికంటే ఎక్కువ ఉపయోగం.