ప్రమాదాల్లోనూ హత్యల్లోనూ మగవారే ఎందుకు ఎక్కువగా చనిపోతున్నారు?

ప్రశ్న అడిగినవారు నిజానికి రెండు విషయాలు అడిగారు. ప్రమాద మరణాల్లో, హత్యల్లో మగవారి సంఖ్య అంత ఎక్కువగా ఉండటానికి వారి దుడుకుతనమే కారణమా అన్నది మొదటిది. అలాగైతే ఆడవారు క్షేమంగా ఉన్నట్టేనా అన్నది రెండోది. విశాఖపట్నంలో చాలాకాలంగా మోటారు ప్రమాదాల పరిహారం కేసులు నడుపుతున్న న్యాయవాదిగా చెబుతున్నాను: మొదటిదానికి జవాబు కొంతవరకు అవును, రెండోదానికి ఖచ్చితంగా కాదు.

కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో దేశంలో 1,68,491 మంది రోడ్డు ప్రమాదాల్లో చనిపోగా, వారిలో నూటికి సుమారు 85 మంది మగవారు. నా దగ్గరకు వచ్చే ఫైళ్లూ ఇంచుమించు ఇదే చెబుతాయి. మృతుడు తాపీమేస్త్రీయో, లారీ క్లీనరో, కాంట్రాక్టు ఎలక్ట్రీషియనో అయి ఉంటాడు. పిటిషనర్ల వరుసలో భార్య, మైనరు పిల్లలు, వృద్ధురాలైన తల్లి ఉంటారు. తాగి నడిపినవారు, హెల్మెట్‌ను తలకు కాక అద్దానికి తగిలించుకున్నవారు వీరిలో లేకపోలేదు. అయితే కూర్మన్నపాలెం, అనకాపల్లి మధ్య జాతీయ రహదారి మీద చనిపోయినవారిలో చాలామంది ఆ వేళప్పుడు అక్కడ ఉన్నది బి షిఫ్టు దిగి రాత్రి పది దాటాక ఇంటికి బయలుదేరడం వల్లనే. ఆ వేళ ఆ దారిన పోయే ఉద్యోగం ఎవరికి ఉంటుందో ప్రమాదం కూడా ఎక్కువగా వారికే జరుగుతుంది.

ఈ మాట ఎంత నిజమో 2020లో మన నగరం ఒకే ఏడాదిలో రెండుసార్లు చూసింది. ఆగస్టు 1న హిందుస్థాన్ షిప్‌యార్డులో క్రేను కూలి 11 మంది చనిపోయారు. అందరూ మగవారే, ఎందుకంటే ఆ పనిలో ఉన్నది వారే. అంతకు మూడు నెలల ముందు, మే 7 తెల్లవారుజామున, ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి లీకైన స్టైరీన్ అనే విష రసాయనపు ఆవిరి నిద్రపోతున్న ఇళ్లలోకి చొరబడినప్పుడు చనిపోయిన 12 మందిలో స్త్రీలూ ఉన్నారు, పిల్లలూ ఉన్నారు. కర్మాగారం లోపల జరిగే ప్రమాదం కార్మికులను ఎంచుకుంటుంది కానీ, గోడ దాటి వచ్చిన ప్రమాదం ఎవరినీ ఎంచుకోదు.

రోడ్డు మీద చనిపోయే ఆడవారి కేసుల్లో నేను ఎక్కువగా చూసింది వెనక సీటు. ఒకవైపు కాళ్లు వేసి, ఒడిలో బిడ్డతో, హెల్మెట్ లేకుండా కూర్చున్న ఆమె, స్పీడ్ బ్రేకరు దగ్గర బండి ఎగిరిపడగానే తల వెనక్కి కొట్టుకుని చనిపోతుంది. బండి నడిపే భర్త మోచేతులు గీరుకుని బయటపడతాడు. వెనక కూర్చున్నవారికీ హెల్మెట్ తప్పనిసరని మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ చెబుతోంది. చీర చక్రంలో చిక్కకుండా వెనక చక్రాన్ని సగమైనా కప్పే రక్షణ ఉండాలని 1989 నాటి కేంద్ర నిబంధనల్లో 123వది చెబుతోంది. అయినా బండి అందంగా కనబడాలని ఆ సారీ గార్డును మెకానిక్ చేత ఊడదీయించే కుర్రవాళ్లకు మన ఊళ్లో కొదవ లేదు. మగవారి దుడుకుతనానికి ఆడవారు మూల్యం చెల్లించే చోటు ఇది.

హత్యల సంగతికి వస్తే, ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాలు, నేరాల విభాగం అంచనా ప్రకారం 2017లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 4,64,000 మంది హత్యకు గురికాగా, ప్రతి అయిదుగురిలో నలుగురు మగవారే. నిందితుల్లో మగవారి వాటా ఇంకా ఎక్కువ. కానీ అదే ఏడాది హత్యకు గురైన సుమారు 87,000 మంది స్త్రీలలో 50,000 మందిని చంపింది భర్తో, సహచరుడో, ఇంట్లోవారో. మగవాడిని బారు ముందో, స్థలం తగాదాలోనో ఇంకొక మగవాడు చంపుతాడు. ఆడవారిలో సగం మందికి పైగా తమకు బాగా తెలిసినవారి చేతుల్లోనే పోతున్నారు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. బారు ముందు జరిగిన హత్యకు సాక్షులు ఉంటారు, నాలుగు గోడల మధ్య జరిగినదానికి ఉండరు. జూనియరుగా ఉన్న రోజుల్లో మా సీనియరు దగ్గర క్రిమినల్ కాగితాలు చదివేవాణ్ణి. ఒక కేసులో, వంట చేస్తుండగా కిరోసిన్ స్టవ్ పేలి కోడలు కాలిపోయిందని అత్తింటివారి వాంగ్మూలం ఉంది. సంఘటనా స్థల పంచనామాలో మాత్రం స్టవ్ ట్యాంకు చెక్కుచెదరలేదనీ, బర్నరు దాని స్థానంలోనే ఉందనీ, పక్కన అన్నం గిన్నె బోర్లపడకుండా ఉందనీ రాశారు. ఆ కాగితం లేకపోతే ఆ మరణం ప్రమాదాల పద్దులోకి వెళ్లేది. 2009లో లాన్సెట్ వైద్యపత్రికలో వచ్చిన అధ్యయనం 2001లో దేశంలో మంటల వల్ల సుమారు 1,63,000 మంది చనిపోయారనీ, అందులో 1,06,000 మంది స్త్రీలనీ, పోలీసు లెక్కలు వాస్తవం కన్నా బాగా తక్కువనీ తేల్చింది. ప్రమాద మరణాల్లో ఆడవారే ఎక్కువగా కనిపించే ఈ ఒక్క వరుసను చూసి ఎవరికైనా అనుమానం రావాలి.

ఆ అనుమానం చట్టానికి కొంత వచ్చింది. పెళ్లయిన ఏడేళ్లలోపు జరిగే వరకట్న మరణానికి 1986లో భారత శిక్షాస్మృతిలో 304బి సెక్షన్ చేర్చారు. ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 80వ సెక్షన్. ఏడేళ్ల లోపు అయితే తహసీల్దారు వచ్చి పుట్టింటివారి సమక్షంలో శవ విచారణ జరుపుతారు. ఎనిమిదో ఏట అదే వంటగదిలో అదే విధంగా చనిపోతే, పుట్టింటివారు పట్టుబట్టి ఫిర్యాదు చేయకపోతే, ఇంట్లోవారు చెప్పిందే చాలాసార్లు మరణ కారణంగా నమోదవుతుంది.