కోడాక్రోమ్ పెట్టె దొరికిందన్నావుగా

చి. సురేష్‌కి,

ఆశీస్సులు. కోడాక్రోమ్ అంటే కొడక్ కంపెనీ పాత కలర్ స్లైడ్ ఫిల్మ్. మీ తాతగారి పెట్టెలో దానివి రెండు రకాల సరుకుంది: కడగని రోల్స్, అట్టఫ్రేముల్లో స్లైడ్లు. నీ మనసు రోల్స్ మీదుంది గానీ, ముందు స్లైడ్ల సంగతి చూడు.

ఎందుకంటే రోల్స్‌లో రంగులు ఇక రావు. మామూలు కలర్ ఫిల్మ్‌లో రంగు పుట్టించే రసాయనాలు, కప్లర్లు, పొరల్లోనే ఉంటాయి. కోడాక్రోమ్‌లో ఉండవు. సయాన్, పసుపు, మెజెంటా ఒక్కొక్కటీ విడి డెవలపర్‌లో (బొమ్మ తేల్చే రసాయనంలో) ఎక్కాలి. ఆ కె-14 పద్ధతికి పెద్ద యంత్రం, నిత్యం కెమిస్టు కాపలా కావాలి. 1990లో ఫూజీ వాళ్ల వెల్వియా స్లైడ్ ఫిల్మ్ వచ్చాక జనం దాన్ని కడిగే తేలికైన ఇ-6 పద్ధతికి మళ్లారు, తర్వాత డిజిటల్. 2009 జూన్‌లో కొడక్ కోడాక్రోమ్‌ని ఆపేసింది. కాన్సాస్‌లో మిగిలిన ఆఖరి లాబ్, డ్వేన్స్ ఫోటో, 2010 డిసెంబరు 30తో రోల్స్ తీసుకోవడం మానేసింది.

జగదాంబ సెంటర్లో ఎవరైనా సి-41లో, అంటే మామూలు కలర్ నెగెటివ్‌లు కడిగే పద్ధతిలో, వేసేస్తామంటే ఇవ్వకు. రంగు రాదు సరికదా, అందులోని బ్లీచ్, బొమ్మగా ఏర్పడిన వెండిని కూడా దాన్ని కరిగించేసే ఫిక్సర్‌కి అప్పగిస్తుంది. చేతికి ఖాళీ ఫిల్మొస్తుంది. బ్లాక్ అండ్ వైట్‌గా కడగొచ్చు. కాకపోతే మన ఎండాకాలం కుళాయి నీళ్లు 30 డిగ్రీలు దాటతాయి, డెవలపర్‌ని ఐసు తొట్టిలో పెట్టి 20కి దించాలి. వెనకనున్న నల్ల రెమ్‌జెట్ పూత పోవడానికి లీటరు నీళ్లలో పెద్ద చెంచాడు వంటసోడా కలిపి నానబెట్టి, ఫిక్సింగ్ అయ్యాక వెనకవైపు స్పాంజితో తుడువు. పసుపు ఫిల్టర్ పొరలోనూ వెండే ఉంది కాబట్టి నెగెటివ్ మసగ్గానే ఉంటుంది.

ఇక స్లైడ్లు. చీకట్లో ఈ రంగులు దశాబ్దాలు నిలుస్తాయి. ప్రొజెక్టర్ దీపానికి మాత్రం తొందరగా వెలుస్తాయి, గోడ మీద వేసి చుట్టాలకి చూపించే సరదా మానుకో. మన సముద్రపు తేమకి అసలు శత్రువు బూజు. స్లైడుని ఏటవాలుగా వెలుతురుకి పట్టు. ఉబ్బెత్తు అచ్చులా కనిపించేది ఎమల్షన్ (బొమ్మ ఉన్న జెలటిన్ పొర) వైపు, దాని మీద వేర్లలా పాకిన తీగలే బూజు. నీళ్లు అస్సలు తగలనివ్వకు. బూజు తిన్న జెలటిన్ నీళ్లలో కరుగుతుంది, బొమ్మ కూడా దాంతోపాటే పోతుంది. మెడికల్ షాపులో దొరికే 70 శాతం స్పిరిట్‌లోనూ నీళ్లున్నాయి. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తెచ్చి, పనికిరాని స్లైడు మీద పరీక్షించి, మెత్తని గుడ్డతో ఒకే దిశలో తుడువు.

తుడిచినవి గాలి చొరని డబ్బాలో నారింజ రంగు సిలికా జెల్‌తో పెట్టు. జెల్ ఆకుపచ్చకి తిరిగితే ఓవెన్‌లో 110 డిగ్రీల దగ్గర ఆరబెట్టు. కలరా ఉండలు వేయకు.

స్కానింగ్‌లో ఇన్‌ఫ్రారెడ్ కిరణాలతో దుమ్ము తొలగించే సెట్టింగ్ ఆపెయ్. కోడాక్రోమ్ ఆ కిరణాల్ని కొంత అడ్డుకుంటుంది, స్కానర్ బొమ్మనే దుమ్మనుకుని అంచులు చెరిపేస్తుంది. నీలం ఛాయ వస్తే స్కానర్‌లో కోడాక్రోమ్ సెట్టింగ్ ఉందేమో చూడు. అట్ట మీద ముద్ర వేసిన నెల, సంవత్సరం స్లైడు కడిగినప్పటివి, తీసినప్పటివి కావు. ఫైళ్లకి పేర్లు పెట్టేటప్పుడు అది చూసుకో.

ఇట్లు,
మీ పెదనాన్న
విశాఖపట్నం