ముందు కుర్చీ ఎవరికి?

ప్రశ్న: ఆరాధనకు వచ్చేవారిని కూర్చోబెట్టే బాధ్యత నాకిచ్చారు. పక్షపాతం చూపకుండా ఎలా జాగ్రత్తపడాలి?

జవాబు: బైబిల్లో యాకోబు రాసిన ఉత్తరం, అంటే యాకోబు పత్రిక, 2వ అధ్యాయంలో ఎత్తుకున్నది సరిగ్గా ఈ సందర్భాన్నే: బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటు, మాసిన బట్టల బీదవాడికి పాదాల దగ్గర నేల. చూపు ముందు బట్టల మీదే పడుతుంది, మనకు తెలియకుండానే నిర్ణయం అక్కడ జరిగిపోతుంది. అందుకే నియమం ముందే పెట్టుకోండి. వచ్చిన వరుసలోనే సీట్లు. మినహాయింపు వృద్ధులకు, నడవలేనివారికి, చంటిపిల్లల తల్లులకు మాత్రమే.

పలకరింపు ఇంతకన్నా కష్టం. ఆరాధన అయ్యాక మొదటి ఐదు నిమిషాలు ఒంటరిగా నిలబడినవారికివ్వండి, స్నేహితులు ఎక్కడికీ పోరు.

తగవు తీర్చాల్సివస్తే ఇద్దరి మాటా పూర్తిగా వినండి. బీదవాడని జాలిపడి అతనివైపు మొగ్గడాన్నీ బైబిల్లోనే మరో పుస్తకం, లేవీయకాండము 19:15 వద్దంటోంది. చాలామంది మరచిపోయేది ఇదే.