వాట్లు పెంచితే వెనక వరసలకి మాట వినిపిస్తుందా?

మీరు అడిగింది ఇదీ: కాశీనగర్ దగ్గర మీ ఊళ్ళో అమ్మవారి సంబరాలకి 15 అంగుళాల బాక్సులు రెండు పెడుతున్నారు. ముందు కూర్చున్నవాళ్ళకి చెవులు హోరెత్తిపోతున్నాయి, అరవై మీటర్ల వెనకున్నవాళ్ళకి మాట తెలియడం లేదు. 1000 వాట్ల బాక్సులు అమ్మేసి 2000 వాట్లవి కొంటే సరిపోతుందా అని.

సరిపోదండీ, డబ్బు దండగ. నాది పర్లాకిమిడిలో సౌండ్ సర్వీసు. ఇటు పాతపట్నం, అటు గుణుపురం దాకా పెళ్ళిళ్ళకి, నాటకాలకి, తప్పెటగుళ్ళకి బాక్సులు కట్టాం. ఏ కమిటీ వచ్చినా ముందు అడిగేది వాట్లే.

వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్ (మోతని కొలిచే లెక్క). వెనక వరసలో తేడా ఉందో లేదో కూడా గట్టిగా చెప్పలేరు. పైగా బాక్సు మీద పెద్దక్షరాలతో వేసే 2000 చాలాసార్లు పీక్ లెక్క, అంటే క్షణకాలం తట్టుకునే గరిష్ఠం. నిలకడగా భరించేది అందులో నాలుగో వంతు, అంటే 500.

మీరు చూడాల్సిన అంకె సెన్సిటివిటీ. ఒక్క వాటు ఇచ్చి, ఒక్క మీటరు దూరంలో కొలిస్తే ఎన్ని డెసిబెల్స్ వస్తాయో అది. 97 ఉన్న బాక్సు 500 వాట్లతో ఇచ్చే మోతని 100 ఉన్న బాక్సు 250 వాట్లతోనే ఇస్తుంది. పాతకాలం బాకా మైకులు కొద్దిపాటి వాట్లతో ఊరంతా వినిపించింది అందుకే. వాటి సెన్సిటివిటీ 105 దాటుతుంది. బేస్ ఉండదు, పాట రేకుడబ్బాలా వస్తుంది, కానీ మాట మాత్రం స్పష్టం.

ఇప్పుడు మీ మైదానం లెక్క చూడండి. 97 బాక్సుకి 500 వాట్లు ఇస్తే మీటరు దగ్గర 124. ఆరుబయట దూరం రెట్టింపయినప్పుడల్లా 6 తగ్గుతుంది. 4 మీటర్ల దగ్గర 112, 64 మీటర్ల దగ్గర 88. ఇవి పతాక స్థాయిలు. మాట సగటు దానికి ఓ పది తక్కువ వేసుకోండి, వెనక 78. అక్కడ జనరేటరు, బజ్జీల బండి, పిల్లల ఏడుపులు కలిసి 70కి అటూ ఇటూ ఉంటాయి. ఆ కాస్త తేడాతో మాట స్పష్టంగా ఎలా తెలుస్తుంది? ముందుకీ వెనక్కీ మధ్య ఉన్న ఆ 24 డెసిబెల్స్ తేడా, మీరు ఎన్ని వాట్లు పోసినా అలాగే ఉంటుంది. ముందువాళ్ళు ఇంకాస్త చెవులు మూసుకుంటారు, అంతే.

వేడి సంగతి ఒకటి ఉంది. ఫుల్లు మీద గంటసేపు వాయిస్తే లోపల వాయిస్ కాయిల్ (స్పీకరుని కదిలించే రాగి తీగ చుట్ట) కాలిపోయేంత వేడెక్కుతుంది. రాగి 200 డిగ్రీలు వేడెక్కితే దాని రెసిస్టెన్స్ దాదాపు 1.8 రెట్లవుతుంది, యాంప్ నుంచి కరెంటు తక్కువ లాగుతుంది. ఏడింటికి బాగున్న సౌండ్ పదింటికి గొంతు మూసుకుపోయినట్టు అవుతుంది. ఆపరేటరు ఫేడరు (మిక్సర్ మీద సౌండ్ పెంచే మీట) ఇంకా పైకి తోస్తాడు. పోర్టు (బాక్సుకి గాలి కోసం ఉండే రంధ్రం) దగ్గర ముక్కు పెడితే వార్నిష్ మాడిన వాసన వస్తుంది. ఆ వాసన వచ్చిందంటే ఆ బాక్సుకి ఇక రోజులు దగ్గరపడ్డట్టే.

మరి చేయాల్సిందేమిటంటారా? ముందు బాక్సుల్ని వేదిక అంచు మీంచి తీసి స్టాండు మీద జనం తలల పైకి ఎత్తండి, మూతిని వెనక వరసల వైపు తిప్పండి. తలలు అడ్డొస్తే పోయేది పైస్థాయి, అంటే సన్నటి శబ్దాలు. అచ్చులు వినిపిస్తాయి, హల్లులు పోతాయి. మీవాళ్ళు "సౌండ్ వస్తోంది గానీ మాట రావట్లేదు" అనేది దీన్నే. హారన్ (ఆ సన్నటి శబ్దాల్ని పంపే బాకా భాగం) ఎత్తులో ఉండి దూరానికి గురిపెడితే ముందువాళ్ళు దాని దారికి కిందుగా ఉంటారు, వాళ్ళకీ హాయి.

తర్వాత, 30 మీటర్ల దగ్గర ఇంకో జత చిన్న బాక్సులు పెట్టి డిలే వేయండి, అంటే వాటి శబ్దం వేదిక శబ్దం అక్కడికి చేరేదాకా ఆగి వచ్చేలా చేయండి. శబ్దానికి మీటరుకి సుమారు 2.9 మిల్లీసెకన్లు పడుతుంది, 30 మీటర్లకి 87. దానికి ఇంకో పది, పదిహేను కలిపితే మాట వేదిక మీంచే వచ్చినట్టుంటుంది. డిలే వేయకపోతే ప్రతి మాటా రెండుసార్లు వినిపించి ఇంకా గందరగోళం. మామూలు మిక్సర్‌లో ఉండే ఎకో బటన్ దీనికి పనికిరాదు, ఆ అవుట్‌పుట్ మొత్తాన్నే వెనక్కి జరపాలి. డిజిటల్ మిక్సర్లలో, చాలా ప్రాసెసర్లలో ఆ సదుపాయం ఉంటుంది. సీజన్లో అద్దెకి దొరుకుతాయి, కొనక్కర్లేదు.

చిన్న బాక్సులు జనం మధ్యే ఉంటే ఊరి మీదకి పోయే మోత కూడా తగ్గుతుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు కూడదు. పండగలకి అర్ధరాత్రి 12 దాకా ప్రభుత్వం సడలింపు ఇవ్వొచ్చు, అదీ ఏడాదికి 15 రోజులకి మించకుండా. ఇది ఒడిశాకీ ఆంధ్రాకీ ఒకటే.

స్పీకర్ వైరు చూశారా? 1 చదరపు మిల్లీమీటరు వైరు 30 మీటర్లు లాగి 4 ఓమ్స్ బాక్సులకి ఇస్తే మూడో వంతుకి పైగా పవర్ బాక్సుకి చేరదు. 2.5 వాడండి, లేదా యాంప్‌ని బాక్సు పక్కకి జరపండి.

అన్నీ కట్టాక పరీక్షకి పాట పెట్టకండి. పాట తెలిసిందైతే వినపడని మాటని కూడా మనసే పూరించేసుకుంటుంది. నేనైతే చందాలిచ్చినవాళ్ళ పేర్లు చదివిస్తాను. తెలుగు పేర్లు, ఒడియా పేర్లు కలిపి చదివితే మరీ మంచిది. ఆఖరి వరసలో ఒకణ్ణి నిలబెట్టి రాయమనండి. ఇంటిపేర్లతో సహా రాయగలిగితే మీ సెట్ సరిగ్గా ఉన్నట్టు.