అప్పీలు వేసే ముందు ఒక్కసారి ఆ పగులు కొలువు

చి. అమ్మలుకి, మామయ్య ఆశీస్సులు.

ఇంటి పక్కనున్న రక్షిత చెట్టు కొట్టడానికి అనుమతి ఇవ్వలేదని, అప్పీలుకి వెళ్తానని రాశావు. వెళ్ళు, నేను వద్దనను. కానీ తిరస్కరిస్తూ వాళ్ళు ఏ కారణం రాశారో మళ్ళీ నిదానంగా చదువు. నీ రెండు పేజీల ఉత్తరంలో ఆ అధికారి మీద కోపం ఉంది గానీ, ఆ కారణానికి జవాబు లేదు.

గోడ పగిలింది ఆ చెట్టు వేర్ల వల్లే అని రాశావు, అది ఎలా తేలింది? చెట్టు దగ్గరుందనేగా! వేర్లు గట్టి పునాదిని బద్దలు కొట్టడం అరుదు. చాలా వేర్లు పై రెండడుగుల మట్టిలోనే పాకుతాయి. చిక్కల్లా బంకమట్టితోనే. ఎండాకాలం చెట్టు నీరు లాగేస్తే ఆ మట్టి కుంచించుకుపోయి, పునాది కిందికి దిగుతుంది. నీ సమస్య అదే అయితే పగులు ఎండల్లో వెడల్పై, వానల్లో కొంత మూసుకుంటుంది. అందుకే పగులుకి రెండు పక్కలా గుర్తులు పెట్టి, నెలనెలా కొలిచి, తేదీ వేసి రాసుకో. ఏ కాలంలో చూసినా ఒకేలా పెరుగుతుంటే చెట్టుని వదిలేసి, దగ్గర్లో పైపు కారుతోందేమో చూడు. ఇంకొకటి, అలాంటి నేలలో పెద్ద చెట్టుని ఒక్కసారిగా తీసేస్తే మట్టికి మళ్ళీ నీరు పట్టి ఉబ్బుతుంది. అప్పుడు పునాది పైకి లేస్తుంది. కొట్టేస్తే పీడ పోతుందనుకోవడం అన్నిసార్లూ నిజం కాదు తల్లీ.

మాను గుల్లబోయిందని కూడా రాశావు. ఒకప్పుడు నేనూ అదే కారణం చూపించి దరఖాస్తు పెట్టాను, తిప్పి పంపారు. చాలా బాధపడ్డాను. తర్వాత చెట్ల నిపుణుడిని పిలిపిస్తే, శబ్ద తరంగాలతో లోపల పరీక్షించి, చుట్టూ చెక్క గట్టిగానే ఉందన్నాడు. మాను మధ్యభాగంలో ఉండేది ప్రాణం లేని చెక్కే. నీరు, ఆహారం నడిచేది అంచు పొరల్లో. గుల్ల పోను మిగిలిన గట్టి చెక్క మందం మాను వ్యాసార్థంలో సుమారు మూడో వంతుకి తగ్గితే జాగ్రత్తపడాలని, చెట్ల బలం మీద పరిశోధన చేసిన జర్మనీ శాస్త్రవేత్త క్లౌస్ మాథెక్ చెప్పాడు. అది స్థూలమైన కొలతే, కొమ్మల బరువు, మాను వాలు కూడా చూడాలి. చివరికి ఇంటి మీదికి వాలిన కొమ్మని తేలిక చేయడానికి మాత్రం అడిగాను, ఒప్పుకున్నారు. నువ్వూ అప్పీలుతో పాటు అలాంటి చిన్న కోరిక ఒకటి సిద్ధంగా ఉంచుకో.

టెన్షన్‌లో ఎవరో చెప్పారని వేర్లు నరకడం, చెట్టు తల నరికించడం మాత్రం చేయకు. తల నరికిన చోట పుట్టే చిగుళ్ళకి పట్టు ఉండదు, గాయం కుళ్ళుతుంది. కేసు నీ మీదికే వస్తుంది.

అప్పీలు గడువు ఎప్పటిదాకా ఉందో ఇవాళే చూసుకో. వాళ్ళిచ్చిన కాగితం నకలు నాకు పంపు, జవాబు ఇద్దరం కలిసి రాద్దాం.

మీ మామయ్య