నైట్ షిఫ్ట్‌కి 9 వేలు ఎక్కువిస్తామంటున్నారు, పంపమంటారా?

ప్రశ్న: నేను ఆర్టీసీ డ్రైవర్‌ని, 27 ఏళ్ల సర్వీసు. 52 ఏళ్లకే బీపీ, షుగర్, నడుం నొప్పి. మా అబ్బాయి బీటెక్ అయిపోయింది, హైదరాబాద్‌లో రెండు ఉద్యోగాలొచ్చాయి. ఒకటి అమెరికా టైమింగ్స్, రాత్రంతా పని, 38 వేలు. ఇంకోటి పగటి డ్యూటీ, 29 వేలు. వాడు మొదటిదే అంటున్నాడు. నాలాగే తొందరగా ముసలివాడైపోతాడేమోనని భయం. ఏం చెప్పమంటారు? - ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మీ భయానికి ఆధారముందండీ. పనికీ గుండెకీ ఉన్న సంబంధాన్ని గట్టిగా చూపించిన తొలి పరిశోధనల్లో ఒకటి మీలాంటి బస్సు సిబ్బంది మీదే జరిగింది. లండన్‌లో జెర్రీ మోరిస్ అనే డాక్టరు 1953లో ప్రచురించారు. బస్సులు అవే, రూట్లు అవే. కానీ రోజంతా డబుల్ డెక్కర్ మెట్లెక్కి దిగే కండక్టర్ల కంటే కూర్చుని నడిపే డ్రైవర్లకే గుండెజబ్బు ఎక్కువ. ఆ తర్వాత యూనిఫాం కొలతలు చూస్తే, చాలామంది డ్రైవర్లకు ఉద్యోగంలో చేరేనాటికే నడుం చుట్టుకొలత ఎక్కువని తేలింది. కాబట్టి తప్పంతా సీటుది కాదు, మీదీ కాదు.

ఇక రాత్రి పని. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం దీన్ని 'బహుశా క్యాన్సర్ కారకం' కోవలో 2007లో పెట్టింది, 2019లో మళ్లీ పరిశీలించి అక్కడే ఉంచింది. రెండేళ్లు చేస్తే ఏదో అయిపోతుందని కాదు. పదిహేనేళ్లు అందులోనే ఉండిపోతేనే నాకు భయం. పెళ్లి, ఈఎంఐలు వచ్చాక ఆ అలవెన్స్ వదులుకోవడం ఎవరికైనా కష్టమే.

నన్నడిగితే 29 వేలదే. కానీ ఒక్క మాట కనుక్కున్నాకే. పగటి డ్యూటీ అని చెప్పి రాత్రి తొమ్మిదింటి దాకా కూర్చోబెడతారా? వారానికి 35-40 గంటలు పనిచేసేవాళ్లతో పోలిస్తే 55 గంటలు, అంతకంటే ఎక్కువ చేసేవాళ్లకు పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో కలిసి చెప్పాయి. హెచ్ఆర్ వాళ్లు 'ఫ్లెక్సిబుల్' అంటారు, అది నమ్మొద్దు. అదే టీంలో ఏడాదిగా పనిచేస్తున్న కుర్రాణ్ని అడగమనండి: నిన్న ఎన్నింటికి ఇంటికెళ్లావు? పోయిన నెల ఎన్ని వీకాఫ్‌లు పోయాయి? సెలవడిగితే మేనేజరు ఏమంటాడు?

మూడోదే నాకు అన్నిటికంటే ముఖ్యం. బ్రిటన్ ప్రభుత్వోద్యోగులను ఏళ్ల తరబడి గమనిస్తే, తమ పని మీద తమకు పట్టులేనివాళ్లకే గుండెజబ్బు ఎక్కువగా కనిపించింది. ఎప్పుడు లేవాలో, ఎప్పుడు తినాలో ఎవరో చార్టులో రాస్తే ఒంటికి ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా!

అయినా వాడు 38 వేలదే అంటే గొడవపడకండి. బాండ్ మాత్రం రాయొద్దనండి. రెండేళ్లలో పగటి టీంకి మారుస్తామని మెయిల్‌లో రాయించుకోమనండి. పగలు పడుకునే గది చీకటిగా ఉండాలి. మధ్యాహ్నం పూట మీరూ వాళ్లమ్మా ఫోన్ చేయకండి.

వాడితో మాట్లాడేటప్పుడు ఈ లెక్కలన్నీ ఎందుకు? నైటౌట్ డ్యూటీ దిగి ఇంటికొచ్చాక, ఊరంతా మేలుకుని ఉంటే మీకు నిద్ర ఎలా పట్టేదో చెప్పండి. వాడు చిన్నప్పుడు చూసిందే, కానీ మీ నోట విని ఉండడు. ఆ సాయంత్రం ఇద్దరూ కలిసి ఓ అరగంట నడుస్తూ మాట్లాడుకోండి. 52 ఏళ్లకు మీ షుగర్‌కీ ఆ నడక కావాలి.