ఇంట్లో ప్రాక్టీస్‌కు పాత ఎలక్ట్రానిక్ ఆర్గాన్ కొనవచ్చా?

అమెరికాలో చర్చి ఆర్గాన్ నేర్చుకుంటున్నారు, ఇంట్లో సాధనకు 1970ల నాటి సెకండ్ హ్యాండ్ ఎలక్ట్రానిక్ ఆర్గాన్ తీసుకోవచ్చా అన్నది మీ ప్రశ్న. తీసుకోవచ్చు. ముందు పెడల్స్ చూడండి, ధర సంగతి తర్వాత.

ఇళ్ల కోసం చేసిన చిన్న స్పినెట్ ఆర్గాన్లలో సాధారణంగా ఒక్కో కీబోర్డుకు 44 మెట్లు, కింద 13 పొట్టి పెడల్స్ ఉంటాయి. అవి ఎడమ కాలితో వాయించడానికే. ఆర్గాన్‌కు ఎన్నో రచనలు చేసిన జర్మన్ స్వరకర్త బాఖ్ సంగీతానికి రెండు కాళ్లూ కావాలి. అక్కడి చర్చి ఆర్గాన్లకు 61 మెట్లు, 32 పెడల్స్ మామూలు. స్పినెట్‌ను ఉచితంగా ఇస్తామన్నా నేనైతే వద్దంటాను, మోయించే ఖర్చు కూడా దండగ.

చూడ్డానికి వెళ్లినప్పుడు అరగంట ఆన్‌లో ఉంచమనండి. కొన్ని లోపాలు వేడెక్కాకే బయటపడతాయి. ఒక్కో స్టాప్ (ధ్వని రకాన్ని ఎంచుకునే మీట) విడిగా వేసి ప్రతి మెట్టూ నొక్కండి. ఎక్కడో ఒక మెట్టు పలకకపోతే కాంటాక్టుకు దుమ్ము పట్టి ఉండొచ్చు, చిన్న పనే. అదే స్వరం అన్ని ఆక్టేవుల్లోనూ మూగబోతే మాత్రం దాన్ని పుట్టించే సర్క్యూటే పోయి ఉండొచ్చు. ఏమీ నొక్కకుండానే స్పీకర్ గుయ్‌మంటుంటే పవర్ సప్లైలో కెపాసిటర్లు ఎండిపోయాయేమో అనుమానించాలి.

తర్వాత ఇండియాకు తెచ్చుకునే ఆలోచన ఉంటే మోటారుతో తిరిగే చక్రాల ద్వారా స్వరాలు పుట్టించే టోన్‌వీల్ రకం హామండ్ కంపెనీ ఆర్గాన్ జోలికి పోకండి. దాని మోటారు వేగం కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టి ఉంటుంది. 60 హెర్ట్జ్‌కు చేసినది మన 50 హెర్ట్జ్ మీద మూడు అర్ధస్వరాలకు పైగా శ్రుతి దిగిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా వోల్టేజీ మారుతుంది గానీ ఫ్రీక్వెన్సీ మారదు.